పాత బండి గేర్ బాక్స్ విప్పే ముందు: తక్కువ ఖర్చుతో లాగుడు మెరుగుపరచుకునే పద్ధతి

పదిహేను, ఇరవై ఏళ్లు, అంతకు మించి నడిచిన స్ప్లెండర్‌నో ఆర్‌ఎక్స్ 100నో విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్లి, గేర్లు సరిగా పడటం లేదని, గుంటూరు హైవే ఎక్కితే ఇంజన్ అరుస్తోందని చెబితే, ఇంజన్ దించి దాని కేసు (బయటి గుల్ల) విడగొట్టడం దగ్గర నుంచి ఐదు గేర్ల సెట్ ఎక్కించడం దాకా రకరకాల సలహాలు వినిపిస్తాయి. వాటిలో కొన్ని మంచి సలహాలే. అయితే చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు పని బయటి నుంచి లోపలికి సాగాలి. మొదట చైన్ సెట్ (చైన్, అది తిరిగే ముందు వెనుక పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లు), వెనుక చక్రం హబ్‌లో కుదుపును తట్టుకునే రబ్బర్లు, తరువాత క్లచ్, ఆయిల్, ఆపైన గేర్ మార్చే లివర్‌కు సంబంధించిన భాగాలు చూసుకోవాలి. ఇవన్నీ సరిచేసినా లోపం మిగిలితేనే గేర్ బాక్స్ విప్పాలి. ఇంజన్ విప్పితే అయ్యే ఖర్చుతో పోలిస్తే మొదటి దశల ఖర్చు చాలా తక్కువ, పైగా పాత బండ్లలో కనిపించే ఇబ్బందుల్లో చాలా వరకు అక్కడే తీరిపోతాయి.

ఏ సామానూ కొనకముందే, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, రద్దీ లేని తిన్నని రోడ్డు మీద బండిని ఒకసారి పరీక్షగా నడపండి. టాప్ గేర్‌లో వెళుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. సిగ్నల్ దగ్గర క్లచ్ పూర్తిగా నొక్కి ఉంచినా బండి ముందుకు జరగాలని చూస్తుంటే, న్యూట్రల్ దొరక్క కాలు ఇబ్బంది పడుతుంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చిన ప్రతిసారీ వెనుక నుంచి ఒక కుదుపు వస్తే చైన్‌నో హబ్ రబ్బర్లనో అనుమానించాలి. ఇంజన్ మీద భారం ఉన్నప్పుడు ఒక గేర్ దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంటే మాత్రం లోపం గేర్ బాక్స్ లోపలే ఉండే అవకాశం ఎక్కువ.

చైన్ అరిగిందో లేదో చూపుతో తేల్చలేం, కొలిచి చూడాలి. మన దగ్గర వంద సీసీ బండ్లలో ఎక్కువగా వాడే 428 చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. చైన్‌ను బిగువుగా లాగి పట్టి, ఒక పిన్ను నుంచి లెక్క మొదలుపెట్టి ఇరవై లింకుల దూరం కొలిస్తే కొత్త చైన్‌లో 254 మిల్లీమీటర్లు వస్తుంది. అది 259కి చేరిందంటే చైన్ రెండు శాతం సాగినట్టు, ఇక దానిని బిగించుకుంటూ కాలం గడపడంలో అర్థం లేదు. వెనుక స్ప్రాకెట్ మీద చైన్‌ను వెనక్కి లాగినప్పుడు పన్నులో సగం బయటపడేంత పైకి లేస్తే, లేదా పళ్లు ఒకవైపుకు వంగి కొక్కేల్లా కనిపిస్తే, రెండు స్ప్రాకెట్లనూ చైన్‌నూ కలిపే మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా సాగిపోతుంది. మంచి కంపెనీ చైన్ సెట్‌కు అయ్యే ఖర్చు ట్యాంకు నిండా ఒకటి రెండు సార్లు పెట్రోలు పోయించుకున్నంతే. ఇక్కడ నాసిరకం సామానుకు పోకండి.

చైన్ సెట్ మార్చే సమయమే గేరింగ్ మార్చుకోవడానికీ అనువైన సమయం. వెనుక పళ్ల సంఖ్యను ముందు పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీదే బండి లాగుడు ఆధారపడుతుంది. ఉదాహరణకు ముందు 14, వెనుక 42 పళ్లు ఉంటే నిష్పత్తి 3. ముందు 15 పళ్ల స్ప్రాకెట్ వేస్తే అది 2.8కి దిగుతుంది. అంటే అంతకుముందు ఏ వేగంలో ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగేదో, అదే వేగంలో ఇప్పుడు సుమారు 4,670 చుట్లు తిరుగుతుంది. రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు ఒక్కరే హైవే మీద వెళ్లివచ్చేవారికి ఈ తేడా చెవికీ చేతికీ స్పష్టంగా తెలుస్తుంది, ఐదో గేర్ కోసం పడే ఆరాటంలో కొంత భాగం ఈ ఒక్క పన్నుతోనే తీరుతుంది. కానీ ఇద్దరెక్కి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కేవారు, పాల క్యాన్లు కట్టుకుని ఊళ్లు తిరిగేవారు ఈ మార్పు చేయకూడదు. వారికి ఇంజన్ లాగలేక, క్లచ్ మీద భారం పడి, ఉన్న సుఖం కూడా పోతుంది. అటువంటివారు కంపెనీ ఇచ్చిన పళ్లనే ఉంచుకోవడం మేలు. ఎవరైనా సరే, ఒక్క పన్నుకు మించి మార్చవద్దని నా సలహా. స్ప్లెండర్ వంటి బండ్లలో స్పీడోమీటర్ ముందు చక్రం నుంచి తిరుగుతుంది కనుక ఈ మార్పు వల్ల మీటరు తప్పు చూపదు. ముందు ఒక పన్ను పెరిగితే వెనుక చక్రం మూడు మిల్లీమీటర్ల మేర ముందుకు జరుగుతుంది, సాధారణంగా చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్‌లోనే అది సర్దుకుంటుంది. అయితే పెద్ద స్ప్రాకెట్ మీద చైన్ ఎక్కిన తరువాత అది ఇంజన్ కేసుకు గానీ కవరుకు గానీ రాసుకోవడం లేదని చేత్తో చక్రం తిప్పి చూడాలి.

బిగించే పనిలో తొందర పనికిరాదు. సెంటర్ స్టాండ్ వేసి, పాత చైన్ లాక్ తీసి, దాని చివరకు కొత్త చైన్ తగిలించి మెల్లగా లాగితే, చైన్ కవర్ లోపల వేళ్లు పెట్టి వెతుక్కోకుండానే కొత్తది స్ప్రాకెట్ల మీదుగా చుట్టుకు వస్తుంది. ముందు స్ప్రాకెట్ కూడా మారుస్తున్నారు కనుక, దానిని ఎక్కించిన తరువాతే ఈ పని చేయండి. ముందు స్ప్రాకెట్ తీసినప్పుడు దాని వెనుక ఉన్న ఆయిల్ సీల్‌ను తప్పక చూడండి, అక్కడ నూనె చెమ్మ ఉంటే సీల్ మార్చడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. చైన్ లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిక్కుకు ఉండాలి, తిరగేసి పెడితే ఊడిపోయే ప్రమాదం ఉంది. చైన్ అన్ని చోట్లా ఒకే బిగువులో ఉండదు కాబట్టి చక్రం తిప్పుతూ, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట కిందివైపు చైన్ మధ్యలో సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండేలా సరిచేయాలి, మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించాలి. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీద రెండు వైపులా గీతలు సమానంగా ఉన్నాయని చూసుకుని యాక్సిల్ నట్టు బిగించండి. అందం కోసం చైన్ కవర్ తీసేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఇసుక, సిమెంటు లారీలు తిరిగే రోడ్ల మీద ఆ కవరే చైన్ ఆయుష్షును నిలబెడుతుంది కనుక దయచేసి దానిని ఉంచండి.

వెనుక చక్రం విప్పినప్పుడు హబ్ రబ్బర్లు చూడటం మరువకండి. చక్రాన్ని పట్టుకుని స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ కదిపితే అది వదులుగా ఆడుతుంటే రబ్బర్లు నలిగిపోయినట్టే. వాటి ధర స్వల్పం, అవి కలిగించే కుదుపు మాత్రం గేర్ బాక్స్ పోయిందేమోనని భయపెడుతుంది.

క్లచ్ విషయంలో మొదట కేబుల్ చూడాలి. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఆట బొత్తిగా లేకపోతే కొత్త ప్లేట్లు కూడా జారతాయి, ఎక్కువైతే క్లచ్ విడవదు. కేబుల్ సరిగా ఉన్నా క్లచ్ జారుతుంటే ఆయిల్ తీసి, కవర్ విప్పి, ఫ్రిక్షన్ ప్లేట్లతో పాటు స్ప్రింగులు కూడా మార్చండి. అలసిపోయిన స్ప్రింగులతో కొత్త ప్లేట్లు వేస్తే సగం పనే అవుతుంది. స్టీల్ ప్లేట్లను అద్దం మీద పరచి చూస్తే వంపు తెలుస్తుంది, నీలి మచ్చలు ఉంటే బాగా కాలినట్టు. ప్లేట్ల చెవులు కొట్టుకుని క్లచ్ బెల్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) గాడుల్లో గంట్లు పడి ఉంటే ప్లేట్లు వాటిలో ఇరుక్కుని క్లచ్ విడవదు. గంట్లు లోతు లేనివైతే సన్నని ఆకురాయితో నునుపు చేయవచ్చు, లోతుగా ఉంటే బెల్ మార్చాల్సిందే. కొత్త ప్లేట్లను బిగించే ముందు ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాలి, స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, గ్యాస్కెట్ కొత్తదే వేయాలి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైక్ క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని తెలిపే గుర్తు) అని ఉందో లేదో చూడండి. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటాయి, నూనెలో మునిగి పనిచేసే క్లచ్ వాటితో జారిపోతుంది. ఆర్‌ఎక్స్ వంటి టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో కలిసి మండే ఆయిల్ వేరు, గేర్ బాక్స్‌లో పోసే ఆయిల్ వేరు. రెండోదాన్ని ఏళ్ల తరబడి మార్చనివారు ఉన్నారు, గేర్లు గట్టిగా పడటానికి చాలాసార్లు అదే కారణం.

ఇంతవరకూ చేసిన తరువాత కూడా గేర్లు తప్పుతుంటే, గేర్ లివర్ లోపలి పళ్లు అరిగి షాఫ్ట్ మీద జారుతోందేమో చూడండి. ఆపైన గేర్ షాఫ్ట్ స్ప్రింగు, గేర్లను మార్చే డ్రమ్మును నిలిపే స్టాపర్, దాని స్ప్రింగు పరీక్షించాలి, చాలా బండ్లలో ఇవి క్లచ్ వెనుకే ఉండి ఇంజన్ కేసు విడగొట్టకుండానే అందుతాయి. అవీ బాగుంటే అప్పుడు గేర్ల పక్క పళ్లు (ఒక గేర్ పక్క గేర్‌ను పట్టుకునేవి) గుండ్రబడి ఉండవచ్చు, గేర్లను జరిపే ఫోర్క్ వంగి ఉండవచ్చు. అందుకు ఇంజన్ దించక తప్పదు. కేసు విప్పాక బేరింగులు, సీళ్లు కూడా మార్చించండి, మళ్లీ విప్పే కూలితో పోలిస్తే వాటి ధర తక్కువ. సెకండ్ హ్యాండ్ గేర్లు కొనేటప్పుడు జతగా తిరిగే రెండింటినీ ఒకే ఇంజన్ నుంచి తీసుకోండి, పక్క పళ్ల మూలలు పదునుగా ఉన్నాయో లేదో వెలుతురులో వేలితో తడిమి చూడండి.

ఐదు గేర్ల మార్పిడి గురించి కూడా చెప్పాలి. ఆర్‌ఎక్స్ 100కు నాలుగు గేర్లే కనుక ఆర్‌ఎక్స్ 135 ఐదు గేర్ల సెట్ మీద చాలామందికి మోజు ఉంది. కానీ ఆర్‌ఎక్స్ ఇంజన్‌లో గేర్లూ, పిస్టన్ తిప్పే క్రాంకూ ఒకే కేసులో ఉంటాయి. కేసు విడగొట్టి సరిగా మూయకపోతే గాలి లోపలికి పీల్చుకుని, మిశ్రమం పలచబడి, పిస్టన్ పట్టేస్తుంది. అందువల్ల బడ్జెట్ చూసుకునేవారికి అది తగిన పని కాదు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ సంగతి వేరు. దాని గేర్ బాక్స్ ఇంజన్‌కు విడిగా ఉంటుంది కనుక ఇంజన్ విప్పకుండానే ఐదు గేర్ల బాక్స్ అమర్చవచ్చు. అయితే గేర్ కుడి కాలు నుంచి ఎడమ కాలికి, బ్రేక్ ఎడమ నుంచి కుడికి మారతాయి కాబట్టి బ్రేక్ పెడల్, లింకుల ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ఏ బండికైనా ఇంజన్ కేసు మాత్రం మార్చించకండి. ఇంజన్ నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ పునరుద్ధరణకు వెళితే ఛాసిస్, ఇంజన్ నంబర్లు సరిచూస్తారు, అక్కడ తేడా వస్తే బండి పని ఆగిపోతుంది. పెద్ద మార్పు ఏదైనా తలపెడితే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

పని పూర్తయ్యాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కొత్త చైన్ కొంత సాగుతుంది, క్లచ్ ప్లేట్లు సర్దుకుని లివర్ ఆట మారుతుంది. రెండింటినీ మళ్లీ కొలిచి సరిచేయించండి. ఆ తరువాత సుమారు ఐదు వందల కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసిన ప్రతిసారీ, చైన్ తుడిచి నూనె వేయండి.