వాడిన కారులో పొగ, పెట్రోలు వాసన: కొనేముందు కారణం తేల్చుకునే పద్ధతి

వాడిన కారును చూడటానికి వెళ్లేముందు, మీరు చేరేవరకు ఇంజిన్‌ను స్టార్ట్ చేయవద్దని అమ్మే వ్యక్తిని కోరండి. పొగ ఏ రంగులో ఉందన్నదాని కన్నా అది ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు నిలుస్తోంది అన్నవే అసలు లోపాన్ని పట్టిస్తాయి. రాత్రంతా ఆగి పూర్తిగా చల్లబడిన ఇంజిన్ మొదటి నిమిషంలో బయటపెట్టే సంగతులు వేడెక్కిన తర్వాత చాలావరకు కనిపించకుండా పోతాయి. బానెట్ ఎత్తి, ఇంజిన్‌ను తాకకుండా చెయ్యి దగ్గరగా పెడితే అంతకుముందే నడిపిన బండి సెగ తెలిసిపోతుంది. అలా సెగ తగిలితే, మరో రోజు ఉదయం వస్తానని చెప్పి వెనుదిరగడానికి మొహమాటపడవద్దు.

స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్‌ను (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీని) తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, దాని కొనను ముక్కు దగ్గర పెట్టుకోండి. వాడిన ఆయిల్ నల్లగా ఉండటం మామూలే, కానీ పెట్రోలు వాసన ఘాటుగా కొడుతూ మట్టం పై గీతను దాటి ఉంటే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. సరిగా మూసుకోని ఇంజెక్టరు (ఇంధనాన్ని చిమ్మే భాగం), మిస్‌ఫైర్ అవుతున్న, అంటే ఇంధనం సరిగా మండని సిలిండరు, ఇంజిన్ వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాలు ఇందుకు కారణం కావచ్చు. ఏదైనా సరే, పలుచబడిన ఆయిల్‌కు బేరింగులను (ఇంజిన్‌లో తిరిగే భాగాలను మోసేవాటిని) కాపాడే శక్తి ఉండదు. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పదార్థం కనిపిస్తే మాత్రం తొందరపడవద్దు, ఎందుకంటే చిన్న ప్రయాణాలకే వాడే కారులో చెమ్మ వల్ల కూడా అది పడుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే కనిపించి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం తగ్గి ఉంటేనే, అది ఆయిల్‌లో కలుస్తోందన్న అనుమానం బలపడుతుంది.

ఇప్పుడు మరొకరిని స్టార్ట్ చేయమని చెప్పి, మీరు పొగగొట్టానికి పక్కగా నిలబడి, దాని చివరకు జానెడు దూరంలో ఒక తెల్ల కాగితాన్ని అర నిమిషం పట్టుకోండి. నీటి చుక్కలు పడితే భయం లేదు: ఇంధనం మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి గొట్టంలో అదే చుక్కలుగా మారుతుంది. వేలితో రుద్దినప్పుడు జిడ్డుగా సాగే మచ్చలు ఆయిల్‌వి. పొడిగా నల్లగా అంటేది మసి.

చల్లటి ఉదయం కనిపించే తెల్లటి ఆవిరి కొద్ది దూరంలోనే గాలిలో కలిసిపోయి, ఇంజిన్ వేడెక్కేసరికి ఆగిపోవాలి. వేడెక్కిన తర్వాత కూడా దట్టంగా వస్తూ, గాలిలో తేలుతూ, తియ్యటి వాసన వేస్తుంటే కూలెంట్ సిలిండరులోకి చేరుతోందని అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, దానిపై ఉండే సిలిండర్ హెడ్‌కు మధ్య సీలు) దెబ్బతినడం గాని, సిలిండర్ హెడ్ పగలడం గాని దీనికి సాధారణ కారణం. కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకు చూసే పరీక్ష) చేయించకుండా అలాంటి కారుకు అడ్వాన్సు ఇవ్వవద్దు. రేడియేటర్ మూతను ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి.

నీలి పొగ అంటే ఆయిల్ మండుతోందని చాలామందికి తెలుసు, కానీ ఆ ఆయిల్ ఎటునుంచి వస్తోందో తేలకుండా మరమ్మతు ఎంత పెద్దదో అంచనా వేయలేము. స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని వచ్చి కొన్ని క్షణాల్లో ఆగిపోతే, బండి ఆగి ఉన్నంతసేపూ గట్టిపడిన వాల్వ్ సీల్స్‌ను (వాల్వుల చుట్టూ ఆయిల్‌ను ఆపే సీళ్లను) దాటి ఆయిల్ చుక్కచుక్కగా దిగిందన్నమాట. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు (సిలిండరు గోడకు ఆని ఆయిల్‌ను పైకి రానివ్వని వలయాలు) అరిగి ఉండవచ్చు. దిగుడు రోడ్డు మీద గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి కొంత దూరం వెళ్లనిచ్చి, మళ్లీ తొక్కుతూ వెనక అద్దంలో చూడండి. కాలు తీసినప్పుడు ఇన్‌టేక్‌లో (గాలి లోపలికి వెళ్లే దారిలో) పెరిగే వాక్యూమ్ వాల్వ్ గైడ్ల (వాల్వులు కదిలే గొట్టాల) పక్కనుంచి ఆయిల్‌ను లోపలికి లాగి ఉంటే, తొక్కగానే అది నీలి మేఘంలా వెలువడుతుంది. నా పాత కారుకు నీలి పొగ వచ్చినప్పుడు ఒక వర్క్‌షాపులో ఇంజిన్ మొత్తం విప్పాలన్నారు. అది ఉదయం స్టార్టింగ్‌లో తప్ప రావడం లేదని గమనించి మరో మెకానిక్‌కు చెబితే, వాల్వ్ సీల్స్ మార్చడంతో తీరిపోయింది. రింగులే పోయాయని నిర్ణయించే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) మూసుకుపోయిందేమో, ఆయిల్ ఎక్కువ పోశారేమో, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉంటే దాని సీల్స్ కారుతున్నాయేమో చూసి, సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ టెస్ట్ కూడా చేయించాలి.

నల్ల పొగ అంటే గాలికి మించి ఇంధనం చేరుతోందని. పెట్రోలు కారులో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరును, కారుతున్న ఇంజెక్టరును, తప్పు లెక్క పంపే సెన్సర్లను చూడాలి. డీజిల్ కారులో గట్టిగా తొక్కినప్పుడు వస్తే టర్బో గాలి గొట్టంలో చీలిక, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇంజెక్టర్లు మొదట అనుమానించదగినవి. డీజిల్ బండి చల్లగా స్టార్ట్ అయినప్పుడు కళ్లు మండించే తెల్లపొగ చాలాసార్లు మండని డీజిలే; గ్లో ప్లగ్‌లు (చల్లటి డీజిల్ ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్లను వేడిచేసేవి) పనిచేయకపోయినా, కంప్రెషన్ తగ్గినా అది వస్తుంది.

పొగ లేకుండా పచ్చి పెట్రోలు వాసన మాత్రమే ఉంటే ట్యాంకు ఎంత నిండి ఉందో మొదట అడగండి. ట్యాంకు నింపినప్పుడు వచ్చి సగానికి దిగాక పోయే వాసన ట్యాంకు పై భాగానిది: ఫిల్లర్ మూత రబ్బరు, తుప్పు పట్టిన ఫిల్లర్ గొట్టం, లేదా ఇంధన పంపు మీది సీలు. చాలా కార్లలో వెనక సీటు ఎత్తి చిన్న మూత తీస్తే ఆ పంపు కనిపిస్తుంది. దాని చుట్టూ దుమ్ము తడిసి అట్టకట్టి ఉంటే వెతుకులాట అక్కడే ముగుస్తుంది. వేడి ఇంజిన్‌ను ఆపిన తర్వాత వచ్చే వాసనకు బానెట్ కింది హోసులను, ఇంజెక్టర్ల ఓ రింగులను (రబ్బరు వలయాలను) చూడాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది కనుక నేల దగ్గర పేరుకుంటుంది, మంట ఏ రూపంలోనూ దగ్గరికి రాకూడదు. కామన్ రైల్ డీజిల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే రకంలో) ఇంధన ఒత్తిడి 1000 బార్లను దాటగలదు; సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు, కాబట్టి నడుస్తున్న ఇంజిన్‌లో చేత్తో తడిమి లీకు వెతకవద్దు.

చివరగా ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లను చదివే పరికరం) పెట్టించండి. పి0172 కోడు ఇంధనం ఎక్కువైన మిశ్రమాన్ని, పి0300 మిస్‌ఫైర్‌ను, పి0455 ఇంధన ఆవిరి వ్యవస్థలో పెద్ద లీకును సూచిస్తాయి. ఏ కోడూ లేదని సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లను (కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపేవాటిని) కూడా చూడాలి; అవి పూర్తి కాలేదని చూపితే కోడ్లను ఈమధ్యే చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ విప్పి ఉండవచ్చు. కొన్ని రోజులు నడిపాక మళ్లీ స్కాన్ చేయిద్దామని అమ్మే వ్యక్తితో మర్యాదగానే చెప్పి, ఆ ఫలితం చూసేవరకు డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.