పాత మ్యాపు అసలుదేనా? ముందు భూతద్దం తీయండి

పాత చెక్కడపు మ్యాపు కనిపిస్తే దాని మీద వేసిన సంవత్సరం చూసి వెంటనే మురిసిపోకండి, ముందు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో తీరరేఖను చూడండి. రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసినదైతే గీత ఎక్కడా తెగకుండా, చివర్లో సూదిమొనలా సన్నబడుతూ ఉంటుంది, సిరా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా నిలుస్తుంది. అదే గీత చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ఈ కాలపు ప్రింటే. తర్వాత వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి, మ్యాపు చుట్టూ రేకు నొక్కుకున్న గాడి కనిపించాలి (అంచులు కత్తిరించేసి ఉంటే కనబడదు, అంతమాత్రాన నకిలీ అనుకోవద్దు).

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం, తప్పులు వెతకడం. కెప్టెన్ కుక్ 1769-70లో న్యూజిలాండ్ చుట్టూ ఓడలో తిరిగి గీసిన మ్యాపులో ఇప్పటి బ్యాంక్స్ ద్వీపకల్పం విడి దీవిగా ఉంటుంది, దక్షిణాన స్టీవర్ట్ దీవేమో ప్రధాన భూభాగానికి అతుక్కున్నట్టు ఉంటుంది. దూరంగా ఓడ మీద నిలబడి చూసిన మనిషి కంటికి ఎంత అందిందో అంతే కాగితం మీదకొచ్చింది, చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకోటి, ఆ రోజుల్లో ఇలాంటి తప్పులు బయటపడితే రేకును అక్కడ చదును చేసి మళ్లీ చెక్కేవారు, కాబట్టి మ్యాపు మీద తేదీ పాతదే ఉన్నా కాగితం చాలా ఏళ్ల తర్వాత అచ్చయినది కావచ్చు. దిద్దిన చోట ఒక్కోసారి పాత గీతల ఛాయ లీలగా మిగిలిపోతుంది, భూతద్దం అక్కడ కాసేపు ఆపి చూడండి.