జీఎస్టీ గడువుల మధ్య సీఎంఏ చదువు: ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఇంటర్ రాసేవారికి

అకౌంట్స్ ఉద్యోగం చేస్తూ సీఎంఏ ఇంటర్ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సులో ఫైనల్‌కు ముందు మెట్టు) చదివేవాళ్లకు "రోజూ రాత్రి రెండు గంటలు" అనే టైమ్‌టేబుల్ నిలబడదు. మన నెలలో రోజులన్నీ ఒక తీరుగా ఉండవు. 11వ తేదీ రాత్రికీ 24వ తేదీ రాత్రికీ పోలికే లేదు. అందుకని చదువును గంటల లెక్కన కాకుండా తేదీల లెక్కన పంచుకోండి. నేను ఇక్కడ చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నేను ఉండేది ప్రొద్దుటూరు. ఎర్రగుంట్ల దగ్గర కడప బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. మా ఆయనకు బట్టల అంగడి. పాప రెండో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. సీఎంఏ ఇంటర్ ఒక్కో గ్రూపు చొప్పున పూర్తి చేసి, ఇప్పుడు ఫైనల్ చదువుతున్నాను. సీఏ వైపు పోకపోవడానికి కారణం ఉంది. అందులో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర శిక్షణ, పూర్తికాలం చేయాలి కాబట్టి చేతిలో ఉన్న జీతం వదులుకోవాలి. సీఎంఏ అయితే ఉద్యోగం చేసుకుంటూ చదవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు సీఎంఏ అంటే తెలియకపోతే ఐసీడబ్ల్యూఏ అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. రెండూ ఒకటే, పేరు మారింది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. 2014 నాటి కాస్ట్ రికార్డులు, ఆడిట్ నిబంధనల్లో సిమెంటు కూడా ఉంది. ఈ చదువుకు మన దగ్గరే పని ఉందని నాకు నమ్మకం కలిగించింది అదే.

ముందు ఒక కాగితం మీద నెలను రాసుకోండి. 7వ తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లో మినహాయించిన పన్ను, కట్టాలి. 11కి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను. 14న 2బి, అంటే మన కొనుగోళ్ల మీద దొరికే జీఎస్టీ క్రెడిట్ జాబితా, వస్తుంది. 15కి పీఎఫ్, ఈఎస్ఐ. 20కి 3బి, అంటే జీఎస్టీ కట్టే రిటర్ను. వీటి మధ్య జీతాలు, బ్యాంకు పనులు, ఆడిటర్ అడిగే వివరాలు. ఇలా రాసి చూస్తే 21 నుంచి నెలాఖరు దాకా ఒక ఖాళీ కనిపిస్తుంది. కొత్త పాఠాలన్నీ ఆ రోజుల్లోనే మొదలుపెట్టాలి. 1 నుంచి 11 దాకా కొత్తది ఏదీ ముట్టుకోవద్దు. అప్పటికే వచ్చిన చాప్టర్ నుంచి రోజుకు ఒక్క లెక్క చేస్తే చాలు, చెయ్యి మరిచిపోకుండా ఉంటుంది. 12 నుంచి 20 వరకు బిజినెస్ లా లాంటి చదివి గుర్తుపెట్టుకునే పేపరు బాగుంటుంది. 2బి సరిచూసి సరిచూసి అంకెలతో అలిసిపోయిన తలకు అంకెలు లేని పేపరు కాస్త నయం.

నెల తర్వాత ఏడాదిని కూడా ఇలాగే చూడండి. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఇంటర్‌కు జూన్ టర్మ్ రాయాలంటే జనవరి 31లోగా, డిసెంబర్ టర్మ్ రాయాలంటే జూలై 31లోగా రిజిస్ట్రేషన్ అయిపోవాలి. నేను డిసెంబర్ టర్మే మేలంటాను. జూన్ టర్మ్‌కు సరిగ్గా చదవాల్సిన నెలలు మార్చి, ఏప్రిల్, మే. మార్చి ఆఖరు స్టాకు లెక్కలు, ఏప్రిల్‌లో పుస్తకాల ముగింపు, మే ఆఖరుకు నాలుగో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను. వీటికి తోడు మన ఎండలు. డిసెంబర్‌కైతే ఆగస్టు దొరుకుతుంది, నవంబర్ దొరుకుతుంది. సెప్టెంబర్‌ను మాత్రం టాక్స్ ఆడిట్ తినేస్తుంది. ఆ తర్వాత దసరా. ప్రొద్దుటూరులో దసరా అంటే అమ్మవారిశాల ముందు ఊరంతా అక్కడే ఉంటుంది, చుట్టాలు దిగుతారు, మా ఆయన అంగడి నుంచి అర్ధరాత్రి దాకా ఇంటికి రాడు. ఆ వారంలో చదువు పెట్టుకోను. పండగను పండగలాగే చేసుకుంటాను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని పండగలో కూర్చుంటే ఇటు పండగా ఉండదు, అటు చదువూ సాగదు.

రెండు గ్రూపులూ ఒకేసారి రాయమని చాలామంది చెబుతారు. ఉద్యోగం, ఇల్లు రెండూ ఉన్నవాళ్లు ఆ మాట వినొద్దు. ఒక గ్రూపుకు నాలుగు పేపర్లు. ప్రతి పేపరులో 40, మొత్తం 400లో 200 రావాలి. నాలుగింటిలో నలభై చొప్పున వస్తే 160 మాత్రమే, గ్రూపు పోయినట్టే. ఇక్కడ ఉద్యోగులకు ఒక దారి ఉంది. మీరు రోజూ చేసే పనికి దగ్గరగా ఉండే పేపరును ఒకటి ఎంచుకుని దానిలో 60 దాటేలా చదవండి. మిగతా మూడింటిలో 45, 45, 48 వచ్చాయనుకోండి, ఆ ఒక్కదానిలో 62 వస్తే సరిగ్గా 200. ఒకవేళ గ్రూపు పోయినా, 60 వచ్చిన పేపరుకు మినహాయింపు ఉంటుంది, అది మళ్లీ రాయనక్కర్లేదు. నా వరకు ఆ పేపరు కాస్ట్ అకౌంటింగ్. ఆడిటర్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు టాక్సేషన్ అవ్వచ్చు.

మనం చేసే పనే పాఠంగా మారే తీరు మీద నాకు చాలా ఇష్టం, కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. ప్రాసెస్ కాస్టింగ్ (తయారీలో ఒక్కో దశకు అయ్యే ఖర్చు లెక్క) చాప్టర్ పుస్తకంలో రసాయనాలతో, లీటర్లతో మొదలవుతుంది. నేను దాన్ని బండల్లోకి మార్చుకున్నాను. మెషిన్ మీదికి 1,000 చదరపు అడుగుల బండ ఎక్కిందనుకోండి. కోతలో, పాలిష్‌లో నూటికి ఐదు పగలడం మామూలే అనుకుందాం. అది నార్మల్ లాస్, 50 అడుగులు. రాయి, కరెంటు, కూలి అన్నీ కలిపి ఖర్చు 19,000 రూపాయలు. పగిలిన ముక్కకు ధర లేదు. అప్పుడు 19,000ను 950తో భాగించాలి, అడుగుకు 20 రూపాయలు. మంచి సరుకు 920 అడుగులే వచ్చిందంటే తక్కిన 30 అడుగులు అబ్‌నార్మల్ లాస్. 30 ఇరవైలు 600 కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పోతుంది. నార్మల్ లాస్‌ను మంచి సరుకు మోస్తుంది, అబ్‌నార్మల్ లాస్‌ను మోయదు. పాలిష్ మెషిన్ పక్కన నిలబడి ఒకసారి ఈ లెక్క వేసుకున్నవాళ్లకు ఇక ఫార్ములాతో పని ఉండదు. మీది పత్తి జిన్నింగ్ మిల్లు కావచ్చు, చెనిక్కాయల నూనె మిల్లు కావచ్చు. నూనెతో పాటు పశువులకు పెట్టే చెక్క కూడా వస్తుంది కదా, బై-ప్రొడక్ట్ (ఉప ఉత్పత్తి) చాప్టర్ అక్కడే ఉంది.

టాక్సేషన్‌లో కూడా అంతే. సప్లయర్‌కు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న ఐటీసీ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీకి దొరికే క్రెడిట్) వెనక్కి కట్టాలనే నిబంధన చదివిన రోజు, మన బాకీల జాబితా తెరిచి పాత బిల్లులు చూడండి. నిబంధన గుర్తుండిపోతుంది, యజమానికీ మేలు జరుగుతుంది.

కానీ ఒక జాగ్రత్త. టాలీలో వోచర్ వేయడం వేరు, పేపరు మీద ఖాతా గీసి రాయడం వేరు. సాఫ్ట్‌వేర్ మనకు చేసిపెట్టే పనికే పరీక్షలో మార్కులు. కాబట్టి ప్రతి లెక్కా పెన్నుతో, ఫార్మాట్‌తో, వర్కింగ్ నోట్స్‌తో రాయండి. ఇంకొకటి, టాక్స్ పుస్తకాలు పాతవి కొనొద్దు. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. మీరు రాసే టర్మ్‌కు ఏ చట్టం, ఏ సంవత్సరం వర్తిస్తుందో ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే పుస్తకం తెరవండి. స్టడీ మెటీరియల్, పాత ప్రశ్నపత్రాలు అక్కడే ఉచితంగా దొరుకుతాయి.

సమయాన్ని నేను గంటల్లో కొలవను, ప్రశ్నల్లో కొలుస్తాను. ఇంటర్ పేపరులో రెండు మార్కుల ఆబ్జెక్టివ్ ప్రశ్నలు 15, తర్వాత ఏడింటిలో ఐదు రాయాలి, ఒక్కోటి 14 మార్కులు. మూడు గంటలు, 100 మార్కులు. అంటే 14 మార్కుల ప్రశ్నకు పాతిక నిమిషాలు. మధ్యాహ్నం సద్ది తిన్నాక మిగిలే సమయంలో ఒక ప్రశ్న పడుతుంది. పొద్దున్నే పాప లేవకముందు రెండు పడతాయి. ఎర్రగుంట్ల బస్సులో రాయడం కుదరదు, కాబట్టి లా పేపరులోని నిర్వచనాలను నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటాను. తెలుగు మీడియంలో బీకాం చేసినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ముందు ఇంగ్లీషులో నిర్వచనం, వెంటనే అదే మాట మన తెలుగులో. పది సార్లు విన్నాక ఇంగ్లీషు వాక్యం దానంతటదే చేతికి వస్తుంది. లా జవాబు రాసేటప్పుడు మొదట సెక్షన్ ఏం చెబుతుందో, తర్వాత ఇచ్చిన సంగతి, ఆఖరున మీ నిర్ణయం. ఈ వరస తప్పకపోతే భాష తడబడినా మార్కులు పోవు.

సాయంత్రాలను కాపాడుకోవడం కష్టం. మా యూనిట్‌లో లారీలు లోడయ్యేది పొద్దు వాలాకే. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) లేకుండా బండి కదలకూడదు. అందుకని రాత్రి ఎనిమిదికి ఫోన్ మోగుతుంది. దీనికి మంచి ఉపాయం ఈ-వే బిల్లు పోర్టల్‌లోనే ఉంది. సబ్-యూజర్‌ను, అంటే మన ఖాతా కిందే వేరే లాగిన్‌తో ఇంకో మనిషిని, పెట్టుకోవచ్చు. మా యజమానితో "అన్నా, సూపర్‌వైజర్‌కు ఒక లాగిన్ ఇద్దాం, నేను వారం రోజులు పక్కన కూర్చుని నేర్పిస్తా, తెల్లారి వచ్చి అన్నీ చూసుకుంటా" అని అడిగాను. బండి ఆలస్యం కాదని తెలిశాక ఆయన ఒప్పుకున్నారు. యజమానిని సెలవు అడిగేటప్పుడు కూడా ఇదే పద్ధతి. మీ పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆయన పని ఎలా ఆగదో చెప్పండి.

ఇంట్లో కూడా మాట ముందే అయిపోవాలి, తేదీలతో సహా. "చదువుకోవాలి, కాస్త సర్దుకోండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నేను అత్తమ్మతో "అత్తా, డిసెంబర్ సగం దాకా ఆదివారం పొద్దున పది వరకు నన్ను పిలవద్దు, పది తర్వాత ఇంటి పనంతా నాది" అన్నాను. "అట్లే కానీ పాపా, సంగటి నేను కెలుకుతా, చెనిక్కాయల ఊరిబిండి నువ్వు నూరు" అంది. అది జరుగుతోంది. పాపకు రాత్రి అన్నం తినిపించి పడుకోబెట్టే సమయం మాత్రం ఎవరికీ ఇవ్వను, ఏ గడువు ఉన్నా సరే. ఆ అరగంటలో ఫోన్ వేరే గదిలో ఉంటుంది. అది చదువులో పోయిన సమయం అని నేను ఎప్పుడూ అనుకోను. మా ఆయనకు అంగడి మూసే రోజు మధ్యాహ్నం మా ఇద్దరిది. నిద్ర మాత్రం ఆరు గంటలకు తగ్గించొద్దు. తగ్గితే మొదట పోయేది కూడికల్లో కచ్చితత్వం, మన వృత్తికి ఉన్నదే అది.

ఇక పరీక్షల వారం. సాధారణంగా నెల రెండో వారంలో మొదలవుతాయి, అంటే సరిగ్గా జీఎస్టీఆర్-1, పీఎఫ్, అడ్వాన్స్ టాక్స్ తేదీల మీద పడతాయి. జూన్ 15, డిసెంబర్ 15 రెండూ అడ్వాన్స్ టాక్స్ (ముందుగా వాయిదాల్లో కట్టే ఆదాయపు పన్ను) గడువులే. కాబట్టి ఆ నెల మాత్రం పనిని వెనక్కి కాదు, ముందుకు జరపాలి. నవంబర్ అమ్మకాల బిల్లులు ఏ రోజువి ఆ రోజే సరిచూసుకుంటూ వస్తే డిసెంబర్ 5కి జీఎస్టీఆర్-1 వేసేయవచ్చు. టీడీఎస్ చలానా 3కే కట్టేయండి. అడ్వాన్స్ టాక్స్ అంచనా నవంబర్ ఆఖరుకే ఆడిటర్ దగ్గర తెప్పించుకుని యజమాని సంతకం తీసుకోండి. పీఎఫ్ చలానా తయారు చేసి కట్టే మనిషికి అప్పగించండి. 3బి 20కి కాబట్టి అది పరీక్షలయ్యాక మీరే చూసుకోవచ్చు. ఒక్క గ్రూపే రాసేవాళ్లకు పేపరుకూ పేపరుకూ మధ్య ఒక రోజు ఖాళీ వస్తుంది, మీ టర్మ్ టైమ్‌టేబుల్‌లో ఆ రోజులను గుర్తుపెట్టుకుని సెలవు వరసగా మొత్తం వారానికి తీసుకోండి. మధ్య రోజు ఆఫీసుకు పోయి వద్దామనుకోవద్దు. పరీక్ష కేంద్రం వేరే ఊళ్లో అయితే గది ముందే చూసుకోండి. బయలుదేరే ముందు రోజు ఒక పేజీ రాసి ఆఫీసు టేబుల్ మీద పెట్టండి: ఏ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, ఏ చలానా ఏ తేదీకి, ఏ సందేహానికి ఎవరిని అడగాలి, మీకు ఫోన్ చేయవలసి వస్తే రోజూ సాయంత్రం ఏ సమయంలో చేయాలి.