తిరిగి రాని ఫైలు రాయడం ఎలా

జిల్లా స్థాయి ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా కొత్తగా చేరిన వారిని మొదటి నెలల్లో కుంగదీసేది పని భారం కాదు, చేసి పంపిన పనే మళ్లీ బల్ల మీదికి తిరిగి రావడం. ఉదయం పంపిన ఫైలు సాయంత్రానికి నోటు (విషయం వివరించి, ఏం చేయాలో సూచిస్తూ ఫైలులో రాసే పుట) అంచున 'స్పీక్' అనే ఒక్క మాటతో దిగుతుంది. వెళ్లి మాట్లాడదామంటే సారు మీటింగులో ఉంటారు, మీటింగు అయ్యాక క్యాంపులో ఉంటారు, క్యాంపు నుంచి వచ్చాక ఆ మాట ఎందుకు రాశారో ఆయనకే గుర్తుండదు. ఈ రాకపోకలను తగ్గించుకునే పద్ధతి ఒకటి ఉంది. పూర్తిగా ఆపే పద్ధతిని మాత్రం ఇంతవరకు ఏ సెక్షనూ కనిపెట్టలేదు.

తపాలు చేతికి అందిన రోజే కాగితాన్ని పర్సనల్ రిజిస్టరులో ఎక్కించాలి. మన జిల్లా కార్యాలయాల పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి టాటెన్‌హామ్ విధానం నుంచి వచ్చింది. డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ నేటికీ దాని మీదే నిలబడి ఉంది. ఆ విధానంలో పి.ఆర్. అనేది గుమస్తా జ్ఞాపకశక్తిని నమ్మకుండా పెట్టిన పుస్తకం: ఏ కాగితం ఏ తేదీన వచ్చింది, దాని మీద ఎవరికి ఏమి రాశాం, రిమైండరు ఎప్పుడు ఇచ్చాం అన్నది అడగకుండానే అందులో కనిపించాలి. ముందు సొరుగులో పెట్టి, నెలాఖరున అరియర్ లిస్టు (పెండింగు కాగితాల జాబితా) తయారుచేసేటప్పుడు అన్నీ ఒకేసారి ఎక్కించవచ్చు అనుకునే వారు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు. వారిని గుర్తుపట్టడం తేలిక. సోమవారం ప్రజావాణికి వచ్చిన అర్జీదారు రశీదు తీసి చూపించినప్పుడు, 'ఆ కాగితం మా సెక్షన్‌కి రాలేదండి' అని అందరికంటే ముందుగా చెప్పేది వారే.

తరువాత కాగితాన్ని చివరిదాకా చదవాలి. ఇది చెప్పవలసిన మాటేనా అనిపించవచ్చు, కానీ తిరిగి వచ్చే ఫైళ్లలో చాలా వాటికి జబ్బు ఇక్కడే మొదలవుతుంది. అర్జీదారు మొదటి పేజీ అంతా తన కుటుంబ పరిస్థితి రాసి, రెండో పేజీలో పక్క పొలం వారి ప్రవర్తన వివరించి, అసలు కోరికను చివరి రెండు వాక్యాల్లో పెడతాడు. పై కార్యాలయం నుంచి వచ్చే లేఖ దీనికి ఏమీ తీసిపోకుండా, రిఫరెన్సులన్నీ వరుసగా చెప్పి, కావలసిన సమాచారాన్ని జతపరచిన నమూనా పత్రంలో దాస్తుంది. కోరిక ఏమిటో, గడువు ఎప్పుడో పెన్సిలుతో గీత గీసుకున్న తరువాతే నోటు మొదలుపెట్టాలి. సమాచార హక్కు దరఖాస్తయితే గడువు 30 రోజులని చట్టమే చెబుతోంది. అడిగిన సమాచారం మన కార్యాలయానిది కాకపోతే ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయాలి కాబట్టి, అది మనది కాదని ఇరవయ్యో రోజున తెలుసుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఇక నోటు. సంతకం పెట్టే అధికారికి ఆ విషయం మీద ఏమీ తెలియదని, తెలుసుకునే తీరిక కూడా లేదని, తప్పు జరిగితే మాత్రం సంజాయిషీ ఇవ్వవలసింది ఆయనేనని మనసులో పెట్టుకొని రాయాలి. ఆయనకు చదువుతుండగా వచ్చే ప్రశ్నకు జవాబు తరువాతి పేరాలో ఉంటే ఫైలు ముందుకు వెళ్తుంది. లేకపోతే మీ దగ్గరికి వస్తుంది.

ఉదాహరణకు, ఒక రికార్డు అసిస్టెంటు 15 రోజుల ఆర్జిత సెలవును సరెండరు చేసి నగదు పొందేందుకు దరఖాస్తు పెట్టుకున్నాడనుకుందాం. కొత్తవారు రాసే నోటు సాధారణంగా ఇలా ఉంటుంది: ఫలానా ఉద్యోగి 15 రోజుల ఇ.ఎల్. (ఆర్జిత సెలవు) సరెండరు కోరుచున్నారు, దరఖాస్తు పరిశీలన నిమిత్తం మరియు నిబంధనల ప్రకారం తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది. ఈ నోటులో వ్యాకరణ దోషం లేదు, మర్యాద లోపం అంతకన్నా లేదు, విషయం మాత్రం లేదు. నిబంధన ఏమిటో చూడవలసిన వారే 'నిబంధనల ప్రకారం' అని రాస్తే, దాన్ని చూసే పని సూపరింటెండెంటు మీద పడుతుంది, ఆయన దాన్ని ఒక పెన్సిలు ప్రశ్నార్థకంతో మీకే తిప్పి పంపుతారు. నిలిచే నోటులో ఉద్యోగి హోదా, సర్వీసు రిజిస్టరు ప్రకారం ఆయన ఖాతాలో ఉన్న సెలవు, గతంలో సరెండరు చేసిన తేదీ, ఏడాదికి 15 రోజులు లేదా రెండేళ్లకు 30 రోజులు అన్న పరిమితికి ఈ కోరిక లోబడి ఉందా లేదా అన్నది, మంజూరు చేసే అధికారం ఎవరిది, బిల్లు పెట్టేందుకు ఆ పద్దు కింద బడ్జెట్ ఉందా అన్నవి ఇదే వరుసలో ఉంటాయి. సెలవు నిల్వ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. జనవరి 1న, జూలై 1న 15 రోజుల చొప్పున ముందుగానే జమ అవుతుంది కాబట్టి, ఆ జమ సర్వీసు రిజిస్టరులో ఎక్కిందో లేదో, 300 రోజుల గరిష్ఠ పరిమితి దాటిందో లేదో చూడకుండా నిల్వ రాస్తే, మీ లెక్క ఒకటి, ట్రెజరీ లెక్క ఒకటి, దరఖాస్తుదారు జేబులోని చీటీ మీద లెక్క ఒకటి అవుతాయి. మూడింటిలోనూ పైసాతో సహా సరిగ్గా ఉండేది చాలాసార్లు ఆ చీటీయే.

రాసిన ప్రతి వాస్తవానికి ఆధారం ఏ పేజీలో ఉందో నోటులోనే చెప్పి, అక్కడ ఫ్లాగు పెట్టాలి. నోటు ఫైలులో పేరాలకు, కరెంటు ఫైలులో (వచ్చిన, పంపిన కాగితాలు ఉండే భాగంలో) పేజీలకు వరుస సంఖ్యలు వేయమనడం చాదస్తం కాదు. పేజీ సంఖ్య లేని 140 పుటల ఫైలులో ఒక పాత ఉత్తర్వు కోసం వెతికే అధికారి, ఆ వెతుకులాట మధ్యలో, మీకు ఇబ్బంది కలిగించే ఇంకో కాగితాన్ని కనుగొంటాడు. జి.ఓ. కావలసి వస్తే దాని ప్రతిని స్టాక్ ఫైలు (జి.ఓ.ల ప్రతులు దాచుకునే ఫైలు) నుంచి తీసి జతపరచాలి. మీ సీటుకు స్టాక్ ఫైలు లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి, ఎందుకంటే పక్క సెక్షన్ సీనియర్ దగ్గర ఉన్న స్టాక్ ఫైలు ఆయన సెలవులో ఉన్న రోజునే అవసరపడుతుంది, బీరువా తాళం ఆయనతోనే ఊరు వెళ్తుంది.

నోటు చివర మీ ప్రతిపాదన స్పష్టంగా ఉండాలి: మంజూరు చేయవచ్చు, లేదా ఫలానా కారణం వల్ల తిరస్కరించవచ్చు. కొత్తవారు ఇక్కడ భయపడతారు. నిర్ణయం అధికారిదే, ఆయన ఒప్పుకోకపోతే వేరేగా రాస్తారు. మీరు ఏదో ఒకటి చెప్పకపోతే మాత్రం 'డిస్కస్' అని రాయడం తప్ప ఆయనకు దారి ఉండదు. ప్రతిపాదనతో పాటు ఉత్తర్వు ముసాయిదానూ జతచేస్తే నోటుకు, ముసాయిదాకు ఒకే విడతలో సంతకాలు అవుతాయి. ఈ ఒక్క అలవాటు వల్ల మిగిలే సమయం, మిగతా సలహాలన్నీ పాటించినా మిగలదు.

అయినా కొన్ని ఫైళ్లు తిరిగి వస్తాయి. అప్పుడు అంచున రాసిన మాటను బట్టి నడుచుకోవాలి. 'పుటప్ విత్ రూల్ పొజిషన్' (నిబంధన ఏమిటో చూపి మళ్లీ పెట్టండి) అంటే నిజంగానే ఏదో లోపించిందని, అది సమకూర్చితే చాలు. 'స్పీక్' అంటే కాగితం మీద పెట్టడానికి ఇష్టం లేని సందేహం ఉందని, కాబట్టి ఫైలు చేతిలో పట్టుకొని వెళ్లాలి. 'ఎగ్జామిన్' అని మాత్రమే ఉంటే అధికారికి ఆ విషయంలో ఇప్పుడే నిర్ణయం తీసుకోవాలని లేదు. అలాంటి ఫైలును నాలుగు రోజులు ఉంచి, మరో పేరా చేర్చి పంపడం ఆచారం. ఆ పేరాలో కొత్తది ఏమీ ఉండనవసరం లేదని అనుభవజ్ఞులు అంటారు గానీ, కనీసం గడువు తేదీనైనా అందులో గుర్తుచేయడం మీకే మంచిది. పెన్సిలు వ్యాఖ్యలను, అంటించిన పసుపు చీటీలను తేలికగా తీసుకోకూడదు. రేపు చెరిగిపోయేవి అవే కాబట్టి, వాటినీ, మౌఖికంగా ఇచ్చిన ఆదేశాన్నీ 'చర్చించిన మేరకు' అంటూ తేదీతో సహా నోటులోకి తెచ్చి మళ్లీ సంతకానికి పెట్టాలి. ఏ అధికారీ దీనికి సంతోషించడు, ఏ అధికారీ తప్పు పట్టలేడు.

కలెక్టరేటులో అయితే ఫైలు ఎప్పుడు లోపలికి వెళ్లాలన్నది నిబంధనలకు అందని విద్య. లోపల ఎవరున్నారు, సారు ఏ ధోరణిలో ఉన్నారు, భోజనానికి లేచే ముందు ఎన్ని సంతకాలు అవుతాయి అన్నది ఛాంబరు బయట నిలబడే దఫేదారుకు తెలిసినంతగా డి.ఆర్.ఓ. (జిల్లా రెవెన్యూ అధికారి) గారికి కూడా తెలియదు. ఆ దఫేదారును పేరుకు 'గారు' చేర్చి పిలవండి, అర్జెంటు కాని ఫైలును అర్జెంటని ఆయనతో ఎప్పుడూ చెప్పకండి. ప్రతి ఫైలుకూ ఎర్రగా అర్జెంటు అట్ట కట్టే సెక్షన్‌లో నిజంగా అర్జెంటైన ఫైలు అన్నిటికంటే అడుగున ఉంటుంది.

ఇ-ఆఫీసు వచ్చాక ఫైలు బంట్రోతు చంకలో కాకుండా తెర మీద నడుస్తోంది, దాంతో మర్యాదలు కొన్ని మారాయి. అందులో పసుపు నోటు ముసాయిదా వంటిది, సరిదిద్దవచ్చు. గ్రీన్ నోటు పంపిన తరువాత అక్షరం కూడా మారదు. కాబట్టి ముందు పసుపు నోటులో రాసి, గంట ఆగి చదివి, ఆ తరువాతే ఖాయం చేయాలి. పొరపాటున పంపిన ఫైలును అవతలి వారు తెరవకముందే వెనక్కి తీసుకునే వీలుంది, అయితే తెరవకుండా రోజుల తరబడి ఉంచే పై అధికారి అలవాటు మనకు మేలు చేసే ఏకైక సందర్భం అదే. ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో ఇప్పుడు అందరికీ కనిపిస్తుంది కనుక 'పైకి పంపానండి' అన్న పాత సమాధానం చెల్లదు. నెట్‌వర్కు లేదన్న సమాధానం ఇంకా చెల్లుతోంది.

నోటులో చమత్కారం ఉండకూడదు. సమాచార హక్కు చట్టం వచ్చాక నోటు ఫైలును కూడా అడిగి తీసుకుంటున్నారు. అర్జీదారు మీద మీరు రాసిన వ్యంగ్య వాక్యం ధ్రువీకరించిన నకలు రూపంలో ఆయన చేతికే, మీ కార్యాలయ ముద్రతోనే చేరవచ్చు. ఆ వాక్యాన్ని టీ దుకాణం కోసం దాచుకోండి.

కోర్టు తీర్పు కోసమో, ప్రభుత్వ ఉత్తర్వు కోసమో కొన్ని నెలలు ఏమీ చేయలేని ఫైలును పెండింగులో మోయకుండా, అనుమతి తీసుకొని కాల్ బుక్‌లో వేయాలి. పని ముగిసిన ఫైలును ఎల్.డిస్., కె.డిస్., డి.డిస్., ఆర్.డిస్. అనే ముగింపు (డిస్పోజల్) తరగతులలో తగినదాని కింద మూసి రికార్డు గదికి పంపాలి. ఎల్.డిస్. ఒక ఏడాదికి, కె.డిస్. మూడేళ్లకు, డి.డిస్. పదేళ్లకు నాశనం చేయదగినవి, ఆర్.డిస్. శాశ్వతంగా ఉంచవలసింది. ఎందుకొచ్చిన గొడవ అని అన్నిటికీ ఆర్.డిస్. వేసినవారి పుణ్యమే నేటి రికార్డు గదుల పరిస్థితి.

బదిలీ అయినప్పుడు ఛార్జి లిస్టులో ఫైలు సంఖ్య ఒక్కటే రాసి వదిలేయకుండా, అది ఏ దశలో ఉంది, ఏ బీరువాలో ఏ అరలో ఉంది అన్నది ఒక్కో వాక్యంలో రాసి, కొత్తగా వచ్చిన వారి సంతకం తీసుకొని, ఒక ప్రతి ఇంట్లో ఉంచుకోవాలి. 'అన్నా, ఆ ఫైలు ఎక్కడ పెట్టినవ్' అని ఫోను వచ్చేది మీరు కొత్త ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు.