పార్ట్ టైమ్ ఉద్యోగానికి లీవు లెక్క: గంటల్లో వేసుకోండి

ఇంగ్లండ్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేను శని, ఆదివారాలు ఒక షాపులో పని చేసేదాన్ని. "పార్ట్ టైమ్ వాళ్లకి లీవులుండవమ్మా" అన్నాడు యజమాని. పద్నాలుగు నెలలు ఆ మాటే నమ్మాను. అమ్మమ్మ పోయిందని ఖమ్మం వెళ్లొస్తే ఆ రోజులకి జీతం ఇవ్వలేదు, అదే రూలు కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు లెస్టర్‌లో పేరోల్ పని, అంటే ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే పని, చేస్తున్నాను. మన పిల్లలు ఎవరూ అలా మోసపోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడి చట్టం ప్రకారం జీతంతో కూడిన సెలవు ఏడాదికి 5.6 వారాలు. వారానికి ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేని జీరో అవర్స్ కాంట్రాక్టు అయినా ఈ హక్కు ఉంటుంది. వారం అంటే మీరు పని చేసే వారం. వారానికి 5 రోజులు చేసేవాళ్లకి 28 రోజులు, 3 రోజులు చేసేవాళ్లకి 16.8, రెండు రోజులు చేసేవాళ్లకి 11.2. ఈ 11.2ని 11 చేసేయడం కుదరదు. కావాలంటే పైకి సవరించి 11.5 ఇవ్వొచ్చు, కిందికి మాత్రం తగ్గించకూడదు.

రోజుల లెక్కలోనే ఒక చిక్కుంది. మొన్న ఆదివారం ఒక గుంటూరు అమ్మాయి మా ఇంటికొచ్చి, ఫోన్‌లో పే స్లిప్పులు, రోటా (షిఫ్టుల పట్టిక) ఫొటోలు చూపించింది. శనివారం 10 గంటలు, ఆదివారం 6 గంటలు. తను ఎప్పుడూ ఆదివారమే లీవు పెడుతోంది. పెట్టినప్పుడల్లా 11.2లోంచి ఒక రోజు పోతోంది, డబ్బు మాత్రం 6 గంటలకే వస్తోంది. సగటున ఆమె రోజు 8 గంటలు, అంటే ప్రతిసారీ 2 గంటలు నష్టం. వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని మళ్లీ లెక్క కట్టాం: వారానికి 16 గంటలు, దాన్ని 5.6తో గుణిస్తే 89.6 గంటలు. ఇక ఆదివారం మానేస్తే 6, శనివారం మానేస్తే 10 తీసేస్తే చాలు. "అక్కా, ఇంతేనా!" అంది. అంతే.

షిఫ్టులు వారానికోలా మారుతుంటే లెక్క వేరు. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన లీవు ఏడాదుల (సెలవులు లెక్కగట్టే పన్నెండు నెలల) నుంచి, చేసిన గంటల్లో 12.07 శాతం సెలవుగా జమ అవుతుంది. ఆ అంకె ఎక్కడిదంటే, 52 వారాల్లోంచి 5.6 తీసేస్తే పని చేసేది 46.4 వారాలు, 5.6ని 46.4తో భాగిస్తే వచ్చేది అదే. ఒక నెలలో 68 గంటలు చేశారనుకోండి, 8.2 గంటలు వస్తాయి. ఈ పద్ధతిలో మాత్రం అరగంట కంటే తక్కువ భిన్నం వదిలేస్తారు కాబట్టి 8. అదే 74 గంటలు చేస్తే 8.93, అంటే 9.

ఇలా గంటలు మారే వాళ్లకి కొందరు యజమానులు లీవు డబ్బు ప్రతి జీతంతోనే కలిపి ఇస్తారు. అది చట్టబద్ధమే, కానీ పే స్లిప్‌లో విడిగా ఒక లైనులో కనిపించాలి. గంటకి 12.50 పౌండ్లు, 68 గంటలైతే జీతం 850, లీవు డబ్బు అందులో 12.07 శాతం, అంటే 102.60. "మీ రేటులోనే కలిసి ఉంది" అని నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, ఆ లైను చూపించమనండి. పైగా, డబ్బు ముందే ఇచ్చామని సెలవు తీసుకోనివ్వకపోవడమూ తప్పే.

బ్యాంక్ హాలిడేలను (ఇక్కడి ప్రభుత్వ సెలవు రోజులను) ఈ 5.6 వారాల్లోనే కలిపేయడానికి యజమానికి వీలుంది. సోమవారం ఒక్కరోజే పని చేసేవాళ్లు దీన్ని గమనించుకోవాలి. ఇంగ్లండ్‌లో ఈస్టర్ మండే, మే నెలలో రెండు, ఆగస్టు చివర ఒకటి, మొత్తం నాలుగు మామూలుగా సోమవారాలే. ఆ రోజుల్లో షాపు మూసేస్తే 5.6 రోజుల్లో 4 అక్కడే అయిపోతాయి, చేతిలో మిగిలేది 1.6.

ఉద్యోగం మానేసేటప్పుడు మిగిలిన లీవు డబ్బు అడిగి తీసుకోండి. ఆ గుంటూరు అమ్మాయి లీవు ఏడాది ఏప్రిల్‌లో మొదలై, సెప్టెంబరు చివర మానేస్తుందనుకుంటే, సగం ఏడాదికి 44.8 గంటలు. 16 గంటలు వాడుకుంటే మిగిలినవి 28.8. గంటకి 12.50 చొప్పున 360 పౌండ్లు. ఆఖరి పే స్లిప్‌లో అది కనబడకపోతే ముందు మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. అయినా ఇవ్వకపోతే వెంటనే, ఉద్యోగ సమస్యల మీద సలహా ఇచ్చే ఏకాస్ (Acas) అనే సంస్థ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఉచితంగా సలహా ఇస్తారు. ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి గడువు ఉంటుంది, నెలల తరబడి ఆగకండి.