చెక్క నేల మీద నూనె మరకలు పోగొట్టడం ఎలా?

అమెరికాలో మనవాళ్లు ఉండే ఇళ్లలో చాలావాటికి హాలు నుంచి వంటగది దాకా ఒకే వరుసలో ఓక్ చెక్క పలకలు పరచి ఉంటాయి. మన వంట పోపులతో, వేపుళ్లతో, పూరీలతో నడిచేది కాబట్టి, పొయ్యి ముందున్న పలకల మీద నూనె చుక్కలు పడక తప్పదు. గచ్చు నేల మీదో బండల మీదో అయితే సబ్బునీళ్లు పోసి కడిగేస్తే సరిపోతుంది గానీ, చెక్క నేల మీద ఆ పని చేస్తే మొదటికే మోసం వస్తుంది. నూనె వల్ల రంగు మాత్రమే మారుతుంది. పలకల సందుల్లోకి దిగిన నీళ్ల వల్ల చెక్క ఉబ్బి, పలకల అంచులు పైకి లేస్తాయి.

మరక మీద చెయ్యి వేసే ముందు, అది నిజంగా చెక్క నేలేనా అన్నది చూసుకోవాలి. అపార్ట్‌మెంట్లలో చెక్కలా కనిపించే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్), లామినేట్ పలకలు ఎక్కువగా వేస్తున్నారు; చెక్క కోసం చెప్పే ద్రావకాలు వినైల్‌ను పాడుచేయగలవు. నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంటే దాన్ని పైకి లేపి, అక్కడ కోసి ఉన్న పలక అంచును చూడండి. పైనుంచి కిందదాకా ఒకే చెక్క, ఒకే రకం చారలు కనిపిస్తే అది అసలు చెక్క. పైన పలుచని చెక్క పొర, దాని కింద ప్లైవుడ్ లాంటి పొరలు కనిపిస్తే అది ఇంజనీర్డ్ చెక్క.

తర్వాత తేల్చుకోవలసింది, నూనె పూత మీదే ఉందా, పూతను దాటి లోపలికి ఇంకిందా అన్నది. ఇప్పటి నేలలకు ఎక్కువగా పాలియురేథేన్ పూత ఉంటుంది. అది చెక్కకూ నూనెకూ మధ్య గట్టి పొరలా నిలబడుతుంది కాబట్టి, పూత చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం మరక పైపైదే. మరక పక్కన ఒక నీటి బొట్టు వేసి పది నిమిషాలు గమనించండి. బొట్టు ముత్యంలా నిలిచి ఉంటే పూత బాగున్నట్టు. చెక్క ఆ మేరకు నల్లబడితే పూత అరిగిపోయినట్టు. పాత ఇళ్లలో మైనం పూత కూడా ఉండవచ్చు. మూలన ఎవరికీ కనబడని చోట గుడ్డకు కాస్త మినరల్ స్పిరిట్స్ (పెయింట్లను పలుచన చేసే ద్రావకం) అద్ది రుద్దితే, మైనం అయిన పక్షంలో గుడ్డకు పసుపో గోధుమో రంగు జిడ్డు అంటుతుంది.

ఇప్పుడే ఒలికిన నూనె విషయంలో ముఖ్యమైన సంగతి తుడవకపోవడం. తుడిస్తే అరచేయంత మరక మూరెడవుతుంది. పేపర్ టవల్ మరక మీద పరచి, అంచుల నుంచి మధ్యకు వస్తూ అద్దాలి; తడిసినదాన్ని తీసేసి కొత్తది వేయాలి. నూనె కాగి ఉంటే చల్లారేదాకా ఆగి, అందాకా పిల్లలు అటు రాకుండా చూసుకోవాలి. చలికాలంలో నెయ్యి పేరుకుపోతుంది కాబట్టి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా గీకి ఎత్తేస్తే చాలావరకు వచ్చేస్తుంది. అట్లకాడతోనో చాకుతోనో గీకితే పూత మీద గీత పడుతుంది, ఆ గీత గుండానే మరుసటి నూనె లోపలికి దిగుతుంది.

అద్దాక మిగిలిన పలుచని జిడ్డు మీద మొక్కజొన్న పిండి గానీ బేకింగ్ సోడా గానీ మందంగా చల్లి, ఓ గంట వదిలేయండి. పొడి నూనెను పీల్చుకుని ఉండలు కడుతుంది. దాన్ని రుద్దకుండా వాక్యూమ్‌తో తీసేయాలి. ఆ తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డను అందులో ముంచి, చుక్క కారకుండా పిండి, చెక్క చారలు ఎటు సాగితే అటే తుడవాలి. వెంటనే మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో మరొకసారి తుడవాలి. సబ్బు మిగిలిపోతే అది మళ్లీ మట్టిని పట్టి నేలను మసకబారుస్తుంది.

చారో కూరో ఒలికితే నూనెతోపాటు పసుపు కూడా అంటుతుంది. సబ్బు తగలగానే పసుపు ఎర్రగా మారడం చూసి మరక ముదిరిందనుకోనక్కర్లేదు. క్షారం తగిలితే పసుపు గుణమే అంత. జిడ్డు వదిలించాక మిగిలిన పసుపు ఛాయ, కిటికీ ఎండ పడే చోటైతే రోజులు గడిచేకొద్దీ తనంతట తానే వెలిసిపోతుంది.

నెలల తరబడి పేరుకున్న బంకజిడ్డు వేరే రకం. పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెల వంటివి గాలి తగులుతూ ఉంటే చిక్కబడి పట్టుకుపోతాయి. పొయ్యి పక్కనా దీపారాధన చేసే చోటా కనిపించే అంటు అదే. సబ్బుకు లొంగనప్పుడు, పాలియురేథేన్ పూత ఉన్న చోట గుడ్డకు కొద్దిగా మినరల్ స్పిరిట్స్ అద్ది తుడవవచ్చు. ముందుగా మూలన ప్రయత్నించి చూడండి. కిటికీలు తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, పొయ్యి, దీపం, అగరొత్తులు అన్నీ ఆర్పాకే సీసా మూత తీయాలి, ఎందుకంటే దాని ఆవిరి మండుతుంది. వాడిన గుడ్డను ముద్ద చేసి చెత్తబుట్టలో పడేయకుండా, బయట విడదీసి ఆరబెట్టాలి. మైనం పూత నేలకు నీళ్ల జోలికే పోకూడదు. ఇదే ద్రావకం నూనెనూ మైనాన్నీ కలిపి తీసేస్తుంది, ఆపైన ఆ మేరకు కొత్త మైనం పట్టించి మెరుగు పెట్టుకోవాలి.

ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే వెనిగర్ చిట్కాను నేను సిఫారసు చేయను. అది ఆమ్లం కాబట్టి పదేపదే వాడితే పూత మెరుపు పోతుంది, జిడ్డు మీద దాని ప్రభావం కూడా అంతంతమాత్రమే. అమ్మోనియా, ఆవిరితో తుడిచే స్టీమ్ మాప్, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు కూడా వద్దు.

పూత అరిగిన చోట చెక్కలోకి ఇంకిన నల్లటి మరకకు పట్టు వేయడం ఒక మార్గం. టాల్కమ్ పౌడర్‌లో మినరల్ స్పిరిట్స్ పోసి గారెల పిండంత గట్టిగా కలిపి, మరక మీద పావు అంగుళం మందాన పరచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు కాగితం తీసి, పూర్తిగా ఆరనిచ్చి ఎత్తేయాలి. ద్రావకం నూనెను కరిగిస్తుంది, ఆరేటప్పుడు పొడి దాన్ని పైకి లాక్కుంటుంది. ఒకసారికే పోతుందని ఆశ పెట్టుకోవద్దు. రెండు మూడు సార్లు వేశాక కూడా ఛాయ మిగలవచ్చు.

అప్పటికీ కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే సాండింగ్ ఒక్కటే దారి. ముప్పావు అంగుళం అసలు చెక్కను జీవితకాలంలో చాలాసార్లు అరగదీయవచ్చు గానీ, ఇంజనీర్డ్ చెక్కలో పై పొర మిల్లీమీటరుకు లోపే ఉంటే ఒక్కసారికే ప్లైవుడ్ బయటపడుతుంది. మరక ఉన్నంత మేరే గుండ్రంగా అరగదీస్తే అది మరక కన్నా వికారంగా కనిపిస్తుంది. పలకను ఈ చివర నుంచి ఆ చివర దాకా అరగదీయాలి. లోపల నూనె మిగిలి ఉంటే కొత్త పాలియురేథేన్ అంటుకోక గుంటలు పడుతుంది కాబట్టి, ముందు మైనం తీసిన షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) ఒక పూత వేస్తారు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత పూతలో సీసం ఉందేమో పరీక్ష చేయించకుండా అరగదీయవద్దు. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లను అడగకుండా సాండర్ ముట్టుకోవద్దు.

పొయ్యి ముందు పట్టా వేసుకునేవారు దాని అడుగు చూసి కొనాలి. రబ్బరు, లాటెక్స్ అడుగున్నవి కొన్ని పూతలకు పసుపు డాగు పట్టిస్తాయి, అది నూనె మరకలా కాదు, ఏ గుడ్డకూ వదలదు.