పాత మ్యాక్‌కి మళ్లీ ఊపిరి

స్నో లెపర్డ్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న నా మ్యాక్ ఆన్ చేస్తే, బూడిదరంగు తెర మీద ఆ చక్రం దాదాపు రెండు నిమిషాలు తిరిగేది. ఈలోగా టీ పెట్టుకుని రావచ్చు. హార్డ్ డిస్క్ పోతోందేమోనని ఒకటే టెన్షన్.

బూట్ అవుతూ మ్యాక్ ఏం చేస్తోందో తెర మీద చూద్దామని కమాండ్, వి కీలు నొక్కిపట్టి ఆన్ చేశాను. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఎప్పుడో పారేసిన డేటా కార్డు తాలూకు ఎక్స్‌టెన్షన్ పేరు పదేపదే కనబడింది, ఓనర్‌షిప్ సరిగా లేదన్న ఫిర్యాదుతో సహా!

కెర్నల్ ఎక్స్‌టెన్షన్లు అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌తో కలిసి పనిచేసే డ్రైవర్ల లాంటివి. బూట్ సమయంలో వాటిని ఒక్కొక్కటిగా డిస్క్ మీద వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. అందుకే సిస్టమ్ వాటన్నిటినీ మూటగట్టి ఒకే క్యాష్ ఫైలుగా దాచుకుంటుంది. నా మూట పాతబడిందని అనుమానం వచ్చింది.

ముందు బ్యాకప్ తీశాను. సిస్టమ్ ఫోల్డర్‌లోని లైబ్రరీలో ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోంచి ఆ డేటా కార్డు ఫైలొక్కటే బయటికి తీశాను. తర్వాత కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, ఆ ఫోల్డర్ మీద తేదీ మార్చే టచ్ కమాండ్ ఇచ్చాను. ఫోల్డర్ తేదీ మారితే చాలు, సిస్టమే క్యాష్‌ని కొత్తగా కట్టుకుంటుంది. ఆ పని జరుగుతుండగా తొందరపడి ఆపేయకూడదు; నేను పది నిమిషాలు దాన్ని ముట్టుకోలేదు.

రీస్టార్ట్ చేస్తే నిమిషం లోపే డెస్క్‌టాప్ వచ్చేసింది.

2015లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ ఎల్ క్యాపిటన్ వచ్చాక సిస్టమ్ ఫోల్డర్లకు తాళం పడింది కాబట్టి, కొత్త మ్యాక్‌లలో ఈ చిట్కా ఇలాగే పనిచేయదు.